ఈసారి నిజంగానే జారిపడ్డాను

మొన్న మార్చిలో ఒకరోజు పొద్దున్నే ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే ఫోన్ మోగింది. మా పెద్దమ్మ కూతురు. నాకన్నా ఐదేళ్ళు పెద్దది. పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు కాబట్టి ఇక్కడ కూడా అక్క అనే రాస్తాను.

"చెయ్యి విరిగిందే. బాత్రూంలో జారిపడ్డా" అంది.

నాకు వెంటనే మాట రాలేదు. అటువైపు అక్క నవ్వింది.

"ఒసేయ్, ఈసారి నిజంగానే జారిపడ్డానే. మీ బావ పోయి నాలుగేళ్ళయింది కదా!"

ఆ ఒక్కమాటతో ముప్ఫై ఏళ్ళ సంగతి తేలిపోయింది. అక్క కాపురంలో ఎన్నిసార్లు జారిపడిందో లెక్కలేదు. ఒకసారి బాత్రూంలో, ఒకసారి బావి గట్టు మీద. ఒకసారి గేదె తల విదిలిస్తే కొమ్ము తగిలింది. ఒకసారి చీకట్లో గుమ్మం కొట్టుకుని కంటికింద కమిలింది. ప్రతిసారీ మా అమ్మ "కాస్త చూసుకుని నడవొద్దూ" అనేది. పెద్దమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టి, కొబ్బరినూనె రాసి, నాలుగు రోజులాగి మళ్ళీ బస్సెక్కించేది. ఆ ఇంట్లో నేల మరీ అంత నున్నగా ఉందా అని ఎవ్వరం అడగలేదు. అడగకపోవడానికి కారణం మాకు తెలియకపోవడం కాదు.

అక్కని సత్తెనపల్లి దగ్గర వాళ్ళ ఊరినించి గుంటూరు తీసుకొచ్చాం. ఎముకల డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "చేతిమీద ఆనుకుని పడితేనే ఇలా ముక్కలు కాకూడదమ్మా. ఎముక గుల్లబారింది. నెలసరి ఎప్పుడు ఆగిపోయింది?" అని అడిగారు.

"ఇరవై ఎనిమిదో ఏట గర్భసంచి తీసేశారండీ" అంది అక్క.

"అండాశయాలు కూడా తీశారా?"

అక్క నావైపు చూసింది. నాకూ తెలియదు. ఆ ఆపరేషన్ రోజు అక్క పక్కన ఉన్నది నేనే. అయినా ఒంట్లోంచి ఏం తీశారో, ఏం ఉంచారో మా ఇద్దరికీ తెలియదు. కాగితం ముక్క కూడా లేదు. స్కానింగ్ తీయిస్తే రెండువైపులా అండాశయాలు లేవని తేలింది. ఇరవై మూడేళ్ళ తర్వాత!

అండాశయాలంటే పిల్లల కోసమే ఉన్నాయనుకుంటాం మనం. వాటినించి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఎముకల్నీ గుండెనీ కూడా కాపాడుతుందట. యాభై ఏళ్ళ దగ్గర సహజంగా తగ్గాల్సిన హార్మోన్‌ని ఇరవై ఎనిమిదికే ఆపేస్తే ముసలితనం ఇరవై ఏళ్ళు ముందే వచ్చి కూర్చుంటుంది. గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచినా కొందరికి అవి తొందరగా పనిచేయడం మానేస్తాయట. తప్పనిసరై తీయాల్సి వస్తే ఆ తర్వాత హార్మోన్ మాత్రలూ క్యాల్షియం అవసరమా అని చూడాలి, ఎముకల పరీక్షలు చేయించాలి. మా అక్కకి ఇచ్చింది నెలరోజుల బలం మాత్రలు, ఒక టానిక్కు సీసా.

ఇప్పుడు 2001కి వెళ్తాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి అక్కడుంది.

అక్కకి పదహారేళ్ళకి పెళ్ళి. ఇరవై నిండేసరికి ఇద్దరు పిల్లలు. ఇరవై ఒకటికి పిల్లల ఆపరేషన్. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకి మొదలైంది. తెల్లబట్ట, వాసన, పొత్తికడుపులో నొప్పి, నెలసరి వస్తే పది రోజులు. మిరపకోతలకి వెళ్ళి గట్టుమీద కూర్చుండిపోయేది. ఊళ్ళో ఆర్ఎంపీ సూదులు వేసి వేసి, చివరికి టౌన్లో ఒక నర్సింగ్ హోంకి పంపించాడు. అక్కడ స్కానింగ్ తీసి "గర్భసంచికి పుండు పడింది. ఇప్పుడే తీసేయకపోతే క్యాన్సర్‌లోకి దిగుతుంది. పిల్లలు పుట్టేశారుగా, ఇంక ఆ సంచితో పనేముంది?" అన్నారు. పాడిగేదెని అమ్మి డబ్బు కట్టారు.

బీఏ తెలుగు పూర్తిచేసినదాన్ని, ఆస్పత్రి కాగితాలు చదవగలనని నన్ను తోడు పంపారు. ఆ కాగితాలేమో ఇంగ్లీషులో ఉన్నాయి. నేను చదివి అర్థం చేసుకునేలోపే బావ సంతకం పెట్టేశాడు. అక్కకి సంతకం చేయడం వచ్చు. ఎవరూ అడగలేదు.

ముందురోజు రాత్రి అక్క మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. అక్కకి భయంగా ఉందేమో, ధైర్యం చెబుదామని లేచి చూస్తే, మెలకువగానే ఉంది. సంక్రాంతికి పుట్టింటికి బయల్దేరే పిల్ల మొహంలా ఉంది ఆ మొహం.

"మూడు నెలలు బరువులు ఎత్తొద్దన్నారే. మూడు నెలలు దగ్గరికి కూడా రాకూడదని డాక్టరుగారు ఆయన మొహం మీదే చెప్పారు. మూడు నెలలే!" అంది.

విన్నాను. నాకు అర్థమైంది కూడా. అర్థం కానట్టు దుప్పటి సరిచేసి, "పడుకో అక్కా, పొద్దున్నే లేవాలి" అన్నాను.

మా అక్క జబ్బు తగ్గుతుందని మాత్రమే ఆ బల్లమీదికి ఎక్కలేదు. సెలవు దొరుకుతుందని ఎక్కింది. మొగుడు వద్దంటే వినని మనిషి. ఒంట్లో బాగా లేదన్నా, బాలింతనన్నా వినలేదు. ఎదురు చెప్తే మర్నాడు అక్క జారిపడేది. అలాంటి ఇంట్లో "డాక్టరు వద్దన్నాడు" అన్న మాటకి ఉన్న విలువ "నేను వద్దంటున్నాను" అన్న మాటకి లేదు. డాక్టరు చేత వద్దనిపించుకోవడానికి అక్క ఒక అవయవాన్ని ఇచ్చేసింది. పోనీ ఆ మూడు నెలలన్నా దక్కాయా అంటే, నలభై రోజులు కూడా ఆగలేదని మొన్న చెయ్యి కట్టుతో మా ఇంట్లో ఉన్నప్పుడు చెప్పింది.

ఒక మాట గురించి చాలా రోజులనించీ ఆలోచిస్తున్నాను. మన భాషలో మొగుడు పెళ్ళాన్ని కొడితే "చెయ్యి చేసుకున్నాడు" అంటాం. వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో చూడండి. దెబ్బ తిన్న మనిషి ఆ మాటలో ఎక్కడా కనిపించదు. ఇక రెండోదానికైతే మాటే లేదు. ఇష్టం ఉన్నా లేకపోయినా అది "కాపురం చేయడం" కిందికే వస్తుంది. దానివల్ల వచ్చిన జబ్బుకేమో "ఆడవాళ్ళ జబ్బు" అని పేరు! మొగుడినించి అంటిన ఇన్‌ఫెక్షన్ కూడా ఆడవాళ్ళ జబ్బే. మూడేళ్ళపాటు తెలుగు సాహిత్యం చదివి ఎన్నో మాటలు నేర్చుకున్నాను గానీ, ఆ రాత్రి అక్క చెప్పినదానికి సరిపోయే మాట ఒక్కటీ నా దగ్గర లేకపోయింది.

ఇది మా అక్క ఒక్కదాని కథే అయితే ఇంత రాసేదాన్ని కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళని అడిగితే, దేశం మొత్తంమీద నూటికి 3 మందికి గర్భసంచి తీసేశారని తేలింది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి 8 మందికి పైనే. దేశంలో అందరికన్నా ముందున్నది మన రెండు రాష్ట్రాలే. అదే సర్వేలో మొగుడి చేతిలో హింస పడ్డామని చెప్పిన పెళ్ళైన ఆడవాళ్ళు ఆంధ్రాలో నూటికి 30 మంది, తెలంగాణలో దాదాపు 37 మంది. అడిగినప్పుడు చెప్పినవాళ్ళ లెక్క ఇది. జారిపడ్డామని చెప్పేవాళ్ళు ఇందులోకి రారు. ఇంకో లెక్క కూడా ఉంది. ఆంధ్రాలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా లేరు. కత్తి ఎప్పుడూ ఎటువైపు వెళ్తుందో చూడండి.

పక్కన మహారాష్ట్రలో బీడ్ జిల్లా ఉంది. చెరుకు కోతలకి వలసవెళ్ళే కూలీలు ఎక్కువ అక్కడ. నెలసరి రోజుల్లో పనికి రాకపోతే మేస్త్రీ జరిమానా వేస్తాడని, వయసులో ఉన్న ఆడవాళ్ళు గర్భసంచులు తీయించేసుకున్న సంగతి 2019లో బయటపడి పెద్ద గొడవైంది. అక్కడ మేస్త్రీ జరిమానా, ఇక్కడ మొగుడి చెయ్యి. ఆడమనిషి ఒళ్ళు ఆమెదే అని ఒప్పుకోని చోట, ఆ ఒళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి కత్తికోత ఒక్కటే దారిగా కనిపిస్తుంది.

తెల్లబట్టకి గర్భసంచి తీయక్కర్లేదని నాకు ఇప్పుడు తెలిసింది. చాలావరకు అది మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. కొన్ని రకాలకి భార్యాభర్తలిద్దరూ మందు మింగాలి. ఆమె ఒక్కతే మింగితే అతని దగ్గర్నించి మళ్ళీ అంటుకుంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మందులు ఉచితం. ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ సాధనం ఉంది. క్యాన్సర్ భయం ఉంటే ముందు పరీక్ష చేయించాలి గానీ, మాటతో భయపెట్టి బల్ల ఎక్కించకూడదు. నిజంగా తీయాల్సిన జబ్బులు ఉంటాయి, లేవనను. నాకు తెలిసినావిడ గర్భసంచి క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని ఈరోజు హాయిగా తిరుగుతోంది. అందుకే తీయమని ఒక డాక్టరు చెప్తే, వేరే ఆస్పత్రిలో ఇంకో డాక్టరుకి కూడా చూపించుకోవాలి.

సంతకం సంగతి కూడా చెప్పాలి. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆవిడ పరీక్షకని వెళ్తే, మత్తులో ఉండగా వాళ్ళమ్మగారి ఒప్పుకోలు తీసుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008లో తీర్పు వచ్చింది. తెలివితో ఉన్న పెద్ద మనిషి తరఫున ఇంకెవరూ ఒప్పుకోవడానికి వీల్లేదు, ఆమె ఒప్పుకోవాలి, ఏం చేస్తున్నారో ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలి అని. అబార్షన్ కావాలన్నా 1971 చట్టం ప్రకారం పద్ధెనిమిదేళ్ళు నిండిన స్త్రీ అంగీకారం ఒక్కటే చాలు. పిల్లల ఆపరేషన్‌కీ మొగుడి సంతకం అక్కర్లేదు. అయినా ఈరోజుకీ కౌంటర్ దగ్గర "మీ ఆయన ఏరమ్మా, సంతకం పెట్టాలి" అంటూనే ఉంటారు. మనమూ ఆయన కోసం వెతుకుతూనే ఉంటాం.

మళ్ళీ మా అక్క దగ్గరికి వస్తాను.

స్కానింగ్ చూసిన లేడీ డాక్టరు చిన్నపిల్ల. ముప్ఫై కూడా ఉండవు. నన్నూ అక్క కొడుకునీ కాసేపు బయట కూర్చోమంది. పావుగంట తర్వాత అక్క బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమందక్కా?"

"ఇంట్లో ఎవరైనా కొట్టేవాళ్ళా అని అడిగిందే. పాత విరుగుళ్ళు రెండు కనిపిస్తున్నాయంట ఎక్స్‌రేలో."

"నువ్వేమన్నావు?"

"జారిపడ్డాననే అందామనుకున్నా. అలవాటైపోయింది కదా. కానీ ఆ పిల్ల అడిగి ఊరుకుంది. ఇంకో మాట మాట్లాడలేదు, తొందరపెట్టలేదు. దాంతో చెప్పేశా."

ముప్ఫై అయిదేళ్ళలో అక్కని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. సూదులేసిన ఆర్ఎంపీ, స్కానింగ్ తీసిన నర్సింగ్ హోం, కాపడం పెట్టిన పెద్దమ్మ, చాప వేసుకుని పక్కన పడుకున్న నేను, అందరం ఒంటిని చూశాం గానీ మనిషిని అడగలేదు.

కట్టు విప్పేవరకూ అక్క మా ఇంట్లోనే ఉంది. ఒకరోజు వాళ్ళ కోడలు చూడ్డానికి వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఒక్క బాబు. నేను కాఫీ కలుపుతుంటే వంటింట్లో నిలబడి, "చినత్తయ్యా, నాక్కూడా తెల్లబట్ట, నడుంనొప్పి. పక్కింటావిడ తీయించేసుకుంది, హాయిగా ఉందంట. నన్నూ తీయించేసుకోమంటోంది" అంది.

హాల్లో కూర్చున్న అక్క ఆ మాట విని లేచి వచ్చింది. ఒక చేతికి కట్టు, రెండో చేత్తో కోడలి భుజం పట్టుకుని, నేనున్నానని కూడా చూడకుండా అడిగింది.

"వాడు నీమీద చెయ్యి..." అని ఆగి, మాట మార్చింది. "వాడు నిన్ను కొడతాడా?"

"అయ్యో లేదత్తయ్యా!"

"మరి?"

ఆ పిల్ల చాలాసేపు గట్టుమీద పడిన కాఫీపొడిని వేలితో పోగుచేస్తూ నిలబడింది. "కొట్టరు. కానీ... వద్దంటే వినరు" అంది.

స్టౌ మీద పాలు పొంగిపోయాయి. ముగ్గురిలో ఎవ్వరం కదల్లేదు.

రెండో రోజు అక్క కోడల్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది. ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఇద్దరికీ మందులు ఇచ్చారు. సాయంత్రం కొడుకు మా ఇంటికొస్తే అక్క మాత్రలు వాడి చేతిలో పెట్టింది.

"నాకెందుకు? నాకేం రోగం లేదుగా" అన్నాడు.

"నీ దగ్గర్నించే దానికి వస్తోందంట, మింగు. తగ్గేదాకా దాని జోలికి వెళ్ళకు. తగ్గాక కూడా అది వద్దంటే వద్దనే. మీ నాన్నని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నిన్ను అడుగుతా" అంది.

వాడు తల దించుకున్నాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను. కొడుకుతో తల్లి ఆ మాట అనడానికి ఎంత కష్టపడి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వాడు మారతాడా అంటే నేను చెప్పలేను. కోడలు మాత్రం గర్భసంచి ఆపరేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు. అక్కకి వారానికోసారి ఫోన్ చేస్తోంది.

మనలో చాలామందికి అడగాలంటే మొహమాటం. వాళ్ళ కాపురంలో మనం వేలు పెట్టడమేంటి అనుకుంటాం. వేలు పెట్టొద్దు, అడిగి చూద్దాం. మీ పనమ్మాయి కావచ్చు, చెల్లెలు కావచ్చు, మీ ఇంటి కోడలే కావచ్చు. "జారిపడ్డాను" అంటే, ఎవరూ లేనప్పుడు ఇంకోసారి అడగండి. అడిగి కాసేపు ఊరుకోండి, ఆ డాక్టరు పిల్లలాగా. చెప్తే నమ్మండి. ఓర్చుకోమని మాత్రం చెప్పకండి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. కొట్టడమే కాదు, ఇష్టం లేకుండా బలవంతం చేయడం కూడా అందులో హింస కిందికే వస్తుంది. ఇంట్లోంచి గెంటేయకుండా కోర్టు రక్షణ ఇస్తుంది. 181కి ఫోన్ చేస్తే మాట్లాడతారు. జిల్లాల్లో వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి. తెలంగాణలో వాటినే సఖి కేంద్రాలంటారు. పోలీసు, లాయరు, డాక్టరు సాయం ఒకే చోట ఏర్పాటు చేస్తారు. ఈ నంబర్ మీ ఫోన్లో వేసుకోండి. మీకు అవసరం లేకపోవచ్చు. మిమ్మల్ని నమ్మి వంటింట్లో నిలబడి చెప్పే పిల్లకి అవసరం రావచ్చు.

అక్క వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు బాత్రూంలో వేసుకోవడానికి గరుకు పట్టా ఒకటి కొనిపెట్టాను. బస్సెక్కాక కిటికీలోంచి, "మళ్ళీ పడితే నీకే మొదట ఫోన్ చేస్తాలే" అని నవ్వింది.

"ఎలా పడ్డావని అడుగుతా" అన్నాను.

"అడుగు" అంది అక్క.